‘నిల్’ అని రాసిన గడి

జగ్గయ్యతో మాట్లాడుకోమని సీఐ ఇచ్చింది పది నిమిషాలు. అందులో రెండు నిమిషాలు ఆ మనిషి ఏడవటానికే పోయాయి. వరదానం ఆపలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసు శాఖలో ఫోటోగ్రాఫరుగా చేసి, ఎన్ని శవాల మీద ఫ్లాష్ కొట్టాడో తనకే గుర్తులేని మనిషి. రిటైరయ్యాక ఏలూరులో చిన్న గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాడు. దొరికిపోయినవాడి ఏడుపు ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. ఇది ఆ ఏడుపు కాదు. జగ్గయ్య చచ్చిపోయిన పిల్ల కోసం ఏడుస్తున్నాడు.

టైము ఎనిమిదీ నలభై. సాయంత్రం నాలుగింటికి జగ్గయ్యని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అటునుంచి అటే జైలు. ఈలోగా ఏం చేసినా చెయ్యాలి.

"జగ్గయ్యా, ఇక చాలు. నాకు టైములు కావాలి. ఆ రోజు దీవెనని దోనెలో ఎప్పుడు ఎక్కించుకున్నావు?"

"పొద్దున్నే అండి. ఏడున్నర. గూడబాతుల గూళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడే రెండు గంటలు ఫోటోలు తీసుకుందండి."

"గట్టు మీద ఎప్పుడు దింపావు?"

"పదింపావు దాటి ఉంటాదండి. పదిన్నరకి చెరువులోకి చేపల మేత పడవ దిగుతాది. అదింకా దిగలేదు."

"నీ ఫోటో ఎప్పుడు తీసింది?"

"దిగీ దిగగానే అండి. ‘బాబాయ్, అలాగే నిలబడు’ అంది. కెమెరాకున్న పెద్ద గొట్టం తీసేసి చిన్నది బిగించింది. నేను దోనె తోసే గెడ పట్టుకుని నిలబడ్డాను. ఒక్కటే తీసింది. ‘కార్డు నిండిపోయింది బాబాయ్, ఇందులో నువ్వే ఆఖరు’ అని నవ్విందండి." జగ్గయ్య మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆరింటికి రమ్మంది. ఆరింటికి వెళ్తే అప్పటికే జనం పోగయ్యారండి."

"కార్డు నిండిపోయిందన్న మాట సీఐ గారికి చెప్పావా?"

"చెప్పానండి. ఏ కార్డురా, రేషన్ కార్డా అని నవ్వారండి."

"మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

"కొల్లేట్లోనే అండి. వల వేసుకుంటా ఉన్నాను. ఒక్కడినే. నన్నెవరూ చూళ్ళేదండి."

అదీ వచ్చిన చిక్కు. పది రోజుల కిందట మూడూ పదికి దీవెన తల్లికి ఫోన్ చేసింది. ఐదున్నరకి చెరువు పనివాళ్ళు తూము దగ్గర ఆమె శవాన్ని చూశారు. తల వెనక దెబ్బ. కెమెరా నీళ్ళలో పడి పనికిరాకుండా పోయింది. సంచీ జేబులో ఒక కార్డు దొరికింది. అందులో ఆఖరి ఫోటో జగ్గయ్యది. అది మూడూ యాభైకి తీసిందని నిన్న మధ్యాహ్నం ల్యాబు రిపోర్టు వచ్చింది. పొద్దున పదిన్నరకే వదిలేసి వెళ్ళానంటున్నవాడు, మూడూ యాభైకి ఆమె ఎదురుగా గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు! ఆ గెడే ఆయుధమని రాసేసి గంటలో అరెస్టు చేశారు.

"బాబుగారూ," జగ్గయ్య ఊచలు పట్టుకున్నాడు. "ఆ పిల్లని నేనెందుకు చంపుతానండీ? నా చేతి అన్నం తినేదండి."

వరదానం వాచీ చూసుకున్నాడు. నమ్ముతున్నానని చెప్పొచ్చు. నమ్మకం తీసుకెళ్ళి మేజిస్ట్రేటుకి ఇస్తే ఆయన ఏం చేసుకుంటాడు?

బయట వరండాలో ఒకే బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకామె దీవెన తల్లి సుగుణ టీచర్. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైంది. రెండో ఆమె జగ్గయ్య భార్య లక్ష్మమ్మ. సుగుణ లక్ష్మమ్మ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతుర్ని చంపాడంటున్నవాడి పెళ్ళాం చెయ్యి అది.

నిన్న సాయంత్రం అతని గదికి వచ్చింది కూడా ఈ సుగుణే. "నా బిడ్డ ఎలాగూ రాదండీ. దాని పేరు చెప్పి ఏ పాపమూ ఎరగని మనిషిని జైల్లో పెడితే నేను చర్చిలో ఏ మొహంతో మోకరించను?" అంది. వరదానం కేసు ఒప్పుకుంది ఆ ఒక్క మాటకే.

"గట్టు దగ్గరికి వెళ్దాం టీచర్ గారూ. పదీ ఇరవైకల్లా అక్కడుండాలి," అన్నాడు.

కారు నడిపింది ఫిన్నీ. సుగుణ కొడుకు, దీవెనకి అన్న. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ వైపు చేపల చెరువుల మీద సూపర్వైజరు కాబట్టి దారి వెతుక్కునే పని లేకపోయింది. చెల్లెలు పోయిన దగ్గర్నుంచీ తల్లిని ఒక్క క్షణం వదల్లేదని ఊళ్ళో అందరూ అంటారు.

పదీ పదిహేనుకి గట్టు ఎక్కారు. పడమర కొల్లేరు, తూర్పున చెరువు, మధ్యలో గట్టు. వరదానం చుట్టూ చూశాడు. గట్టు చివర మట్టి నల్లగా పచ్చిగా ఉంది. మట్టి తవ్వే పొక్లెయిన్ గొలుసు చక్రాల జాడలు ఇంకా చెరగలేదు. అభయారణ్యమని కూడా చూడకుండా ఎవరో కొత్తగా కొల్లేట్లోకి గట్టు పొడిగిస్తున్నారు. ఆ సంగతి బుర్రలో ఓ పక్కన పెట్టుకుని, జేబులోంచి ఫోటో ప్రింటు తీశాడు.

ఫోటోలో దోనె, దోనెలో జగ్గయ్య, వెనక నీళ్ళు. జగ్గయ్య ఇబ్బందిగా నవ్వుతున్నాడు. అందరూ చూసింది ఆ మొహాన్నే. ఫోటో అడుగున, గట్టు వాలు మీద ఓ నల్లటి మచ్చ ఉంది. నిన్న రాత్రంతా వరదానం భూతద్దం పెట్టి చూసింది ఆ మచ్చని.

"టీచర్ గారూ, దీవెన మీ అంత పొడుగేనా?"

"ఆయ్, నా అంతేనండీ. నా జాకెట్లు దానికి సరిపోయేవి."

"అయితే ఇక్కడ నిలబడండి. కొల్లేటి వైపు తిరగండి. రెండు చేతులూ మొహం దగ్గర పెట్టుకోండి, కెమెరా పట్టుకున్నట్టు."

సుగుణ చెప్పులు విడిచి నిలబడింది. చేతులు పైకెత్తింది. ఎండ ఆమె వీపు మీద పడుతోంది. ఆమె ఎదుట గట్టు వాలు మీద ఓ నీడ పడింది. గుండ్రటి తల, రెండు వైపులా మడిచిన మోచేతులు. వరదానం వంగి ఫోటోని ఆ నీడ పక్కన నేల మీద పెట్టాడు. ఫోటోలో మచ్చకి కూడా తలా, రెండు మోచేతులూ ఉన్నాయి. అదే వంపు, అదే పొడుగు.

సుగుణ కిందికి చూసింది. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు దించలేదు. దించితే ఆ నీడ పోతుంది కదా.

"ఇది మా అమ్మాయేనాండీ?"

"ఆవిడేనమ్మా. సూర్యుడు వీపు వెనక ఉంటేనే మన నీడ మన ముందు పడుతుంది. మూడూ యాభైకైతే ఎండ కొల్లేటి మీదుగా మొహంలోకి కొడుతుంది. నీడ వెనక చెరువు వైపు పడాలి. ఈ ఫోటో మధ్యాహ్నం తీసింది కాదు. పొద్దున ఈ టైముకే తీసింది. జగ్గయ్య నిజమే చెప్పాడు."

సుగుణ అక్కడే కూలబడి, నేల మీద ఉన్న ఫోటోలోని ఆ మచ్చని వేలితో తడిమింది. పది రోజులుగా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. వరదానం మొహం తిప్పుకున్నాడు. తన కళ్ళూ తడిశాయి మరి. డిటెక్టివ్ అయితే మాత్రం మనిషి కాడా?

"ఎందుకంకుల్ ఇదంతా?" ఫిన్నీ గొంతు పెంచాడు. "అమ్మని ఇక్కడికి తీసుకొచ్చి ఏడిపించడం తప్ప! ల్యాబు రిపోర్టు ఉండగా నీడలేంటి?"

"సరే, ఇంకోటి అడుగుతాను. ఈ ఫోటో పదీ ఇరవైకి తీసిందైతే, మూడింటి దాకా గట్టు మీదున్న పిల్ల ఆ తర్వాత ఒక్క ఫోటో కూడా తీయలేదా? తీసింది. నిండిన కార్డు తీసి సంచీలో పెట్టి, కెమెరాలో ఇంకోటి వేసింది. కెమెరా నీళ్ళలోంచి తీసినప్పుడు కార్డు మూత తెరిచి ఉంది, లోపల ఖాళీ. ఆ రెండో కార్డు ఎక్కడ?"

"దానికి ఉన్నది ఒకటే కార్డంకుల్."

"రెండురా," సుగుణ ముక్కు తుడుచుకుంటూ అంది. "క్రిస్మస్‌కి రెండోది నువ్వేగా కొనిచ్చావు."

ఫిన్నీ జేబులోంచి కారు తాళాలు తీశాడు. "అవును కదా... మర్చిపోయానమ్మా," అని కారు వైపు నడిచాడు.

పన్నెండుంపావుకి ఏలూరులో వినయ్ ల్యాబు. మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్ళాలి. ఫిన్నీ కిందే కార్లో ఉంటానన్నాడు.

వినయ్ అంటే వరదానానికి పీకలదాకా కోపం ఉంది. వరదానం దగ్గర డార్క్‌రూమ్ పని నేర్చుకున్న ఆఖరి శిష్యుడు. ఇప్పుడు పోలీసులు ఏ ఫోన్ దొరికినా, ఏ కెమెరా దొరికినా అతని ల్యాబుకే పంపుతారు. రెండేళ్ళ కిందట నిండు కోర్టులో, "మా గురువుగారిది నీడలు చూసి టైము చెప్పే కాలం అండీ" అని అందరినీ నవ్వించాడు. ఆ నవ్వు వరదానం చెవుల్లో ఇంకా ఉంది.

నీడ సంగతి విని వినయ్ ఇప్పుడూ నవ్వాడు. "గురువుగారూ, మీరు మారరండీ. నీడకి కోర్టులో నోరుండదు. డేటా మాట్లాడాలి."

"మాట్లాడించు మరి. ఆ ఫోటో ఫైలు తెరువు. నీ రిపోర్టు కాదు, ఫైలు."

వినయ్ సుగుణకి కుర్చీ వేసి, విసుగ్గానే తెరిచాడు. తెర మీద ఫోటో పక్కన వరుసగా గడులు. తేదీ, దాని కింద 10:20:14.

"ఇదేంటి?"

"కెమెరా రాసుకున్న టైము. ఏ దేశపు టైమో తెలియాలి కదండీ. దానికి కింద ఇంకో గడి ఉంటుంది, టైమ్ జోన్. లండన్ దగ్గర గ్రీనిచ్ టైముకి ఎంత ముందున్నామో అందులో రాస్తుంది. మనదైతే ఐదున్నర గంటలు."

"ఆ గడిలో ఏముంది?"

వినయ్ చూశాడు. గడిలో ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలున్నాయి. అటూ ఇటూ అంకెలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఖాళీ. పాత కెమెరా కదండీ, రాయలేదు."

"ఖాళీ అంటే కెమెరా ఏం చెబుతున్నట్టు?"

"...తెలియదని చెబుతున్నట్టు."

"మరి నీ రిపోర్టులో ఆ గడిలో ఏం రాశావు?"

వినయ్ రిపోర్టు నకలు తీశాడు. ‘టైమ్ జోన్’ అన్న చోట చక్కగా టైపు చేసి ఉంది: నిల్.

"తెలియదన్నదాన్ని నిల్ అని ఎందుకు రాశావయ్యా?"

"మొదట ఖాళీగానే పంపానండీ! స్టేషన్ రైటర్ తిప్పి పంపాడు. కాలములు ఖాళీగా ఉంచరాదు అని ఎర్ర సిరాతో రాసి మరీ. సరేనని అందరూ రాసినట్టే..."

అందరూ రాసినట్టే! వరదానం కూడా సర్వీసంతా రాసినవాడే. మన ఆఫీసుల్లో ఖాళీ గడి చూస్తే చాలు, గుమాస్తాకి ఒళ్ళు మండిపోతుంది. పొలం లేదా, నిల్. జబ్బు లేదా, నిల్. తెలియదా, అదీ నిల్లే. లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అని ఏ గుమాస్తా అడిగాడు గనక?

"నిల్ అని కొట్టగానే నీ సాఫ్ట్‌వేర్ ఏం చేసింది?"

వినయ్ గబగబా మీటలు నొక్కాడు. తెర మీది అంకెలు చూశాడు. మొహంలో రంగు మారింది.

"సున్నా అనుకుంది," అన్నాడు మెల్లగా. "సున్నా అంటే గ్రీనిచ్. అది గ్రీనిచ్ టైమనుకుని, మన టైముకి తేవడానికి ఐదున్నర కలిపింది. పదీ ఇరవై కాస్తా మూడూ యాభై..." ఆగి, ఆఖరి ప్రయత్నంగా అన్నాడు. "కానీ గురువుగారూ, ఆ అమ్మాయి కెమెరా గడియారమే గ్రీనిచ్‌లో పెట్టుకుని ఉంటే? అప్పుడు నా లెక్క కరెక్టే కదా!"

"అందుకే గట్టు మీదికి వెళ్ళొచ్చాను. నీ డేటాకి తెలియనిది ఆ పిల్ల నీడకి తెలుసు."

వినయ్ తల దించుకున్నాడు. సుగుణ వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, నా వల్ల ఓ మనిషి జైలుకి పోబోయాడు. ఇప్పుడే దిద్దుబాటు రిపోర్టు ఇస్తాను. సీఐ గారికి నేనే ఫోన్ చేస్తాను."

ఒకటిన్నరైనా కాలేదు. జగ్గయ్య బయటపడ్డట్టే. రెండేళ్ళ పాత అవమానం తీరింది. వరదానం గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. అలా దిగిన బరువు మళ్ళీ ఎక్కడానికి నిమిషం పట్టలేదు.

టైపు చేస్తూ చేస్తూ వినయ్ రిపోర్టు రెండో పేజీ తిప్పాడు. "ఇందులో ఇంకో ఫోటో కూడా ఉందండీ. దానికీ నిల్ అనే రాశాను. అదీ దిద్దాలి."

వరదానం ఆ పేజీ అందుకుని చూశాడు. చూసి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంటండీ అది?" సుగుణ అడిగింది.

"ఏం లేదమ్మా. వేరే సంగతి."

"వరదానం గారూ, ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. దాస్తున్న మొహం నాకు తెలుస్తుందండీ. ఇలా ఇవ్వండి."

ఇవ్వక తప్పలేదు. అది తాడేపల్లిగూడెంలో తీసిన ఫోటో. దీవెన చనిపోయిన రోజే సుగుణ ఆడపడుచు మనవరాలు మానసకి ప్రధానం జరిగింది. స్టూడియో నెల్సన్ తన పాత కెమెరాతో తీశాడు. చుట్టాల మధ్య పెళ్ళికూతురు కూర్చుని ఉంది, వెనక ఫిన్నీ నిలబడి నవ్వుతున్నాడు. కింద ల్యాబు వేసిన టైము: మూడూ నలభై ఎనిమిది. చెల్లెలు పోయే వేళకి నేను ప్రధానంలో ఉన్నానని ఫిన్నీ తనంతట తానే పోలీసులకి ఇచ్చిన ఫోటో. ఆ ఒక్క ఫోటో చూసే అతని ఫోన్ టవరు వివరాలు ఎవరూ అడగలేదు.

సుగుణ ఆ ఫోటో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. వేళ్ళ మీద ఐదున్నర తీసేసింది.

"పదీ పద్దెనిమిది," అంది.

"తొందరపడకండమ్మా. నెల్సన్ గారి కెమెరా గడియారం తప్పయి ఉండొచ్చు. కనుక్కుందాం," వరదానం అన్నాడు. అనేటప్పుడే ఆ మాట తనకే నచ్చలేదు.

"తప్పు కాదండీ. మోకాళ్ళ నొప్పులని ప్రధానానికి నేను వెళ్ళలేదు గానీ, పిలుపు నాకూ వచ్చింది. పదకొండింటికి పాస్టరు గారు ప్రార్థన చేసి ఉంగరాలు మార్పిస్తారని." ఆమె వేలు పెళ్ళికూతురి చేతి మీద ఆగింది. "చూడండి. మానస వేలికి ఉంగరం లేదు."

వరదానానికి గట్టు చివరి పచ్చి మట్టి, పొక్లెయిన్ జాడలు, ‘దానికి ఉన్నది ఒకటే కార్డంకుల్’ అన్న మాట, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఈ కేసు ఒప్పుకోకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఇరవై ఏడేళ్ళ కూతుర్ని పోగొట్టుకుని వచ్చిన తల్లికి తను చేసిన సాయం ఇదా?

"వినయ్," అన్నాడు, "ముందు జగ్గయ్య ఫోటో ఒక్కటీ దిద్ది పంపు. రెండోది..."

"కుదరదు గురువుగారూ. రెండూ ఒకే రిపోర్టులోవి, తప్పూ ఒకటే. ఒకటి దిద్ది ఒకటి వదిలేస్తే ఏదీ నిలబడదు. జగ్గయ్య కూడా బయటికి రాడు."

"రెండూ దిద్దండి," సుగుణ అంది.

"అమ్మా..."

"మీకు చెప్పనిది ఒకటుందండీ. పోలీసులకీ చెప్పలేదు. వాడు ప్రధానంలోనే ఉన్నాడు కదా అని, అది చెప్పాల్సిన మాటని నాకు తోచనే లేదు. మూడూ పదికి దీవెన ఫోన్ చేసి, ‘అమ్మా, చెరువువాళ్ళు కొల్లేట్లోకి గట్టు వేసేస్తున్నారు, అన్నయ్యే దగ్గరుండి చేయిస్తున్నాడంట, పొక్లెయిన్‌తో సహా ఫోటోలు తీశాను, రేపు అటవీ శాఖ ఆఫీసులో ఇచ్చేస్తాను’ అంది. నాకు భయమేసింది. అన్నాచెల్లెళ్ళు గొడవ పడతారని. వాడికి ఉద్యోగం పోతుందని." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసేసింది. "దాని ఫోన్ పెట్టేసి వెంటనే వాడికి నేనే చేశానండీ. ‘నాయనా, చెల్లెలు గట్టు మీద ఉంది, ఫోటోలు తీసిందంట, కాస్త మంచిగా చెప్పి ఆపు’ అన్నాను. ‘నేను చూసుకుంటాలే అమ్మా’ అన్నాడు."

వినయ్ మీటల మీంచి చేతులు తీసేశాడు. వరదానం జేబులోంచి ఫోన్ తీసి సీఐ నంబరు కోసం వెతకసాగాడు.

"కాసేపాగండి," సుగుణ అంది. "వాడు కింద కార్లోనే ఉన్నాడు. పోలీసుల్ని చూస్తే పారిపోతాడు. నేను పిలిస్తే వస్తాడు. నేను పిలిస్తే ఎప్పుడూ రాకుండా లేడండీ."

కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. ఫోన్ తీసి, కొడుకు పేరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. రెండుసార్లు మోగింది.

"ఫిన్నీ," అంది. "ఒక్కసారి పైకి రా నాయనా."